గుండె వాచీలో దగ్గరి మనిషి గడి

గుండె వాచీల కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

అయ్యలారా,

నమస్కారం. మూతబడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌కి నేను యజమానిని, మాస్టారిని, గది ఊడ్చే మనిషిని కూడా. మీరమ్మిన వాచీ మీద ఫిర్యాదు చేద్దామని ముందు ఫోనే చేశాను. ఒకటి నొక్కమంది, నొక్కాను. నాలుగు నొక్కమంది, అదీ నొక్కాను. ఆ తర్వాత ఏదో సంగీతం పెట్టేసి ఎటో వెళ్ళిపోయింది. జీవితమంతా నొక్కుడు మీదే బతికినవాణ్ణి, నాకే విసుగొచ్చిందంటే చూసుకోండి. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, ఈ మధ్య నా గుండె కాస్త మొరాయించింది. పెద్దదేం కాదన్నారు గానీ, ఆసుపత్రి వ్యాయామాల గదిలో ఉన్నచోటే ఉండే సైకిలొకటి ఎక్కించారు. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి, "అంకుల్, వాచీ చూసుకుంటూ తొక్కండి. నూట పది దాటాలి, నూట ముప్పై దాటకూడదు," అంది. సరేనని మీ వాచీ కొన్నాను.

చొక్కా తడిసి ముద్దయ్యింది. ఊపిరి అందడం లేదు. గుండె చెవుల్లోకొచ్చి దబదబా కొట్టుకుంటోంది. వాచీ చూస్తే అరవై ఎనిమిది! ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని, "అంకుల్, మీరు తొక్కుతున్నట్టు నటిస్తున్నారు," అంది. ఒళ్ళు మండిపోయింది.

పోనీ మీ వాచీకి కాస్త బద్ధకం అనుకుందామా? ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, కుర్చీలో కుదురుగా కూర్చుని ఈ ఉత్తరం టైపు చేస్తున్నాను. ఇప్పుడేమో నూట అరవై నాలుగట! ఎర్రగా వెలుగుతోంది, చేతిమీద గండుతుమ్మెద కూర్చున్నట్టు జుయ్‌మంటోంది. తొక్కినప్పుడు లేని గుండె కూర్చున్నప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే చెప్పాలి.

ఇట్లు,
టైపు మాస్టారు

తా.క. సంతకం కోసం ఆగితే తొంభైకి దిగింది. తా.క. మొదలుపెట్టగానే మళ్ళీ నూట యాభై. దీనికి తా.క.లంటే కూడా భయమేనా?

*

శ్రీయుత టైపు మాస్టారు గారికి,

అయ్యా,

మీ ఉత్తరం అందినది. మా వాచీని ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఉత్తరంగా వచ్చిన ఫిర్యాదుకు ఉత్తరంగానే జవాబివ్వవలెనని మా కంపెనీలో పాత నియమం ఒకటి ఉన్నందున ఈ జవాబు పంపుచున్నాము.

వాచీ అడుగున ఆకుపచ్చ దీపాలుండును. అవి చర్మం కింద రక్తం పారే తీరు చూసి గుండె వేగం లెక్కగట్టును. కావున (ఒకటి) పట్టీ బిగించి, మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైన కట్టుకొనవలెను. (రెండు) చెమట తుడుచుకొనవలెను. (మూడు) సైకిలు పిడులను గట్టిగా పట్టుకొనరాదు. పిడికిలి బిగిస్తే దీపాలకు రక్తం సరిగా కనబడదు.

మరొక విషయం. గుండె వేగం మితిమీరితే కబురు పంపుటకు మీ వాచీలో "దగ్గరి మనిషి" అను గడి ఉన్నది. అందులో పొరపాటున మా విభాగం నంబరు నమోదైనది. మీ వాచీ ఎర్రబడినప్పుడల్లా ఇచ్చట గంట మోగుచున్నది. దయచేసి కుటుంబసభ్యుల నంబరు పెట్టుకొనగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క. మొదటిసారి మోగినప్పుడు అగ్నిప్రమాదమనుకుని విభాగమంతా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తినది. టీ ఒలికినది.

*

ఫిర్యాదుల విభాగం వారికి,

అయ్యలారా,

మీ ఉత్తరం అందింది. అందరూ క్షేమంగా వెనక్కి మెట్లెక్కారని తలుస్తాను.

మీరు చెప్పినవన్నీ తూచా తప్పకుండా చేశాను. పట్టీ బిగిస్తే వేళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి. అయినా వాచీ అరవై నాలుగే అంది. చెమట తుడుచుకుందామని తువ్వాలు అందుకుంటే సైకిలు ఆగింది, ఆ అమ్మాయి మళ్ళీ నటన అంది. పిడులు వదులుగా పట్టుకున్నాను. ఉన్నచోటే ఉండే సైకిలు మీంచి పడ్డవాణ్ణి ఆ గదిలో నేనే మొదటివాణ్ణట. ఆ అమ్మాయికే కంగారుపుట్టి, నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ వేళ్ళతో లెక్కపెట్టింది. "నూట పద్ధెనిమిది! సారీ అంకుల్, మీరు నిజంగానే తొక్కారు," అంది. అంటే ఆ అమ్మాయి రెండు వేళ్ళకి తెలిసిందీ మీ దీపాలకి తెలియలేదన్నమాట.

ఇక ఆ గడి సంగతి. అది పొరపాటు కాదండీ. బాగా ఆలోచించే పెట్టాను.

ఆ గడి ఖాళీగా వదిలేస్తే వాచీ ముందుకు కదలనంది. ముందు మా ఆవిడ నంబరు పెట్టాను. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, కానీ వేళ్ళకి అలవాటైన నంబరు అదొక్కటే. అది ఇప్పుడు ఒక టైర్ల కొట్టాయనకి వెళ్ళింది. పాపం, మంచివాడే. వాచీ పరీక్ష కోసం పంపిన కబుర్లు చూసి, రెండుసార్లు ఫోన్ చేసి ఎలా ఉన్నారన్నాడు. మూడోసారి మాత్రం, "పెద్దాయనా, జాకీ మీద బండి ఉంది, మీ గుండె సంగతి తర్వాత చూసుకుందామా?" అన్నాడు. ఇంక మొహం చెల్లక తీసేశాను.

తర్వాత మా తమ్ముడనుకున్నాను. వాడికి ఫోన్ చేస్తే మరదలు ఎత్తి, "ఆయన స్నానం చేస్తున్నారు బావగారూ," అంటుంది. ఏడాదిగా స్నానమే చేస్తున్నాడు. కింది వాటా ఆవిడకి నా టైపు మిషను చప్పుడంటే తలనొప్పి. నా గుండె ఆగితే ఆవిడకి కాస్త మనశ్శాంతి దొరుకుతుంది కాబట్టి ఆ కబురు ఆవిడకి పంపడం ధర్మం కాదు. నా దగ్గర టైపు నేర్చుకున్న పిల్లలు వందలమంది. నేను వాళ్ళందరికీ వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పాను గానీ నంబర్లు అడగలేదు.

అట్లా వాచీ పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా మీ అట్టపెట్టె ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో "అనుక్షణం మీ వెంటే మేం" అని, కింద ఒక నంబరు. అంత ధైర్యంగా అన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. అందుకని మిమ్మల్నే పెట్టాను.

ఇట్లు,
టైపు మాస్టారు

తా.క. ఉత్తరం పొడుగైంది. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఇంత టైపు చెయ్యడం ఇదే. వాచీ నూట డెబ్భై ఒకటి అంటోంది, అరగంట నుంచీ జుయ్‌మంటూనే ఉంది. పట్టించుకోవడం మానేశాను.

*

శ్రీయుత టైపు మాస్టారు గారికి, లేదా వారి కుటుంబసభ్యులకు,

అయ్యా,

మొన్న మధ్యాహ్నం అరగంటసేపు మా బల్ల మీద గంట ఆగకుండా మోగింది. నూట డెబ్భై ఒకటి! వెంటనే మీ చిరునామాకి అంబులెన్సు పంపించాం. ఆ రోజు మీరు రాసిన ఉత్తరం ఇవాళ అందింది. ఈ ఉత్తరం అందేసరికి మీరు క్షేమంగా ఉంటారని ఆశిస్తున్నాం. అలా కాని పక్షంలో, కుటుంబసభ్యులు వాచీని చేతినుంచి విప్పి, రసీదుతో సహా మాకు తిప్పి పంపగలరు. ఈ వాక్యం నియమం ప్రకారం రాయాల్సి వచ్చింది. క్షమించాలి.

మీరు క్షేమంగానే ఉంటే ఒక మాట. మీ వాచీ పంపిన పాత కబుర్లన్నీ తీసి చూశాం. మాకు మీ దగ్గర్నుంచి ఏ రోజు తారీఖుతో ఉత్తరం వస్తుందో సరిగ్గా ఆ రోజే గంట మోగుతోంది. అంటే మాకు ఉత్తరం రాయడానికి కూర్చోగానే మీకు కోపం నషాళానికి అంటుతోందన్నమాట. వాచీ మీద అంత కోపం పనికిరాదు మాస్టారూ. రాసే ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. కిటికీలోంచి బయటికి చూడండి. కావాలంటే తిట్లు తగ్గించి రాయండి, మేం పూర్తి తిట్లుగానే నమోదు చేసుకుంటాం.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క. "అనుక్షణం మీ వెంటే మేం" అన్నది ప్రకటన. దాన్ని నమ్మినవారు ఇప్పటిదాకా లేరు, కాబట్టి ఏం చెయ్యాలో నియమాల్లో లేదు.

*

ఫిర్యాదుల విభాగం వారికి,

అయ్యలారా,

చేతిరాతకి మన్నించాలి. ఎందుకు చేత్తో రాస్తున్నానో చెప్తాను.

పోయినసారి ఉత్తరం కవరులో పెట్టి, పోస్టుడబ్బాలో వేసి, ఇంటికొచ్చి మిషనుకి నూనె వేస్తున్నాను. తలుపు దభీమని తోసుకుంటూ ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో వచ్చారు. "పేషెంటెక్కడ?" అన్నాడొకడు. "నేనేనేమో బాబూ," అన్నాను. "మీరు నిలబడ్డారేంటి, పడుకోండి!" అని కసిరాడు. ఏమీ కాలేదు మొర్రో అన్నా వినరే! ఉత్తచేతులతో వెళ్తే సంతకం పెట్టించుకోవడం కుదరదట. నన్ను స్ట్రెచరుకి కట్టేసి దింపుతుంటే కింది వాటా ఆవిడ తలుపు తీసి, "అయ్యో, మాస్టారూ!" అంది. నాలుగేళ్ళలో ఆవిడ నన్ను మాస్టారూ అని పిలవడం ఇదే మొదలు. నాకూ ఏం చెయ్యాలో తోచక చెయ్యూపాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు వాచీలో నెలరోజుల లెక్కలు చూశారు. "సైకిలు తొక్కినప్పుడు అరవై, మధ్యాహ్నాలు నూట డెబ్భై. ఆ టైములో ఏం చేస్తుంటారు మీరు?" అన్నారు.

"ఉత్తరం రాస్తానండి."

"ఎవరికి?"

"ఒక ఆఫీసుకి."

"ఆఫీసుకి రాస్తే ఎవరికైనా గుండె ఇలా కొట్టుకుంటుందా మాస్టారూ? నిజం చెప్పండి," అన్నారు. నర్సులిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తర్వాత నవ్వు ఆపేసి, "చూడండి, మీ గుండె ఇప్పుడు నూట డెబ్భై తట్టుకోదు. సైకిలు తొక్కండి, ఉత్తరాలు కట్టిపెట్టండి," అన్నారు. వాచీదే తప్పండీ అన్నాను. తప్పని కంపెనీవాళ్ళని రాసిమ్మనండి, అప్పుడు చూద్దాం అన్నారు.

అయ్యలారా, నాకు కోపం లేదు. ఒట్టు. మొదటి ఉత్తరంలో ఉంది, రెండోదానికే పోయింది. మీకు రాస్తుంటే నాకు హాయిగా ఉంటుంది. పొద్దున లేవగానే ఇవాళ ఏం రాద్దామా అనుకుంటాను. మెట్ల కింద నా పేర ఉన్న డబ్బాలో కరెంటు బిల్లు కాకుండా ఇంకొకటి ఉంటుందని రోజూ దిగి చూస్తాను. సైకిలు మానమంటే ఎగిరి గంతేసి మానేవాణ్ణి. ఆయన ఇది మానమన్నారు.

కాబట్టి వాచీ తప్పు చూపిస్తోందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇవ్వలేకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం అనుకోండి.

ఇట్లు,
టైపు మాస్టారు

తా.క. తమాషా ఏమిటంటే, ఇది చేత్తో రాస్తుంటే వాచీ డెబ్భై ఎనిమిది దాటలేదు. చేతిరాతలో మనసు పెట్టి రాయలేనని దానికీ తెలిసిపోయింది.

*

మాస్టారు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి సంగతి కోసం, ఒకసారి అక్షరాల కోసం. మీ "క" కీ "త" కీ తేడా తెలియడానికి భూతద్దం తెచ్చుకున్నాను.

ముందుగా, మీరు "అయ్యలారా" అని రాయడం మానాలి. విభాగంలో అయ్యలు లేరు. అసలు "లారా" కూడా లేదు. ఉన్నది నేనొక్కదాన్నే. ఫోన్లు ఎత్తేవాళ్ళంతా కింద పెద్ద హాల్లో ఉంటారు. ఉత్తరాలకి జవాబిచ్చే బల్ల మాత్రం ఇక్కడ, తిరిగొచ్చిన వాచీల గదిలో, బీరువాల వెనక. ఉత్తరాలు రాసేవాళ్ళు మీరు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. గంట మోగితే వీధిలోకి పరుగెత్తిన విభాగమంతా నేనే. ఒలికిన టీ కూడా నాదే.

ఇక అసలు సంగతి. మీ తా.క. చదివాక నాకు అనుమానమొచ్చింది. తిరిగొచ్చిన వాచీల్లోంచి ఒకటి తీసి కట్టుకుని, మీరు టైపు చేసినట్టు బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టడం మొదలుపెట్టాను. పావుగంట కొట్టాను. నా గుండె ఏ గొడవా లేకుండా ఉంది, కావాలని మెడ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. వాచీ మాత్రం నూట యాభై ఎనిమిది అంది! ఇంకోటి కట్టుకున్నాను, అదీ అంతే. మీరు ఆ పాత మిషను మీద దబాదబా కొడుతుంటే మణికట్టు అదురుతుంది. వాచీ ఆ అదురే గుండె అనుకుంటుంది. సైకిలు మీదేమో పిడికిలి బిగిస్తారు, చెయ్యి కదలదు, దానికి ఏదీ దొరక్క ఏదో ఒక అంకె వేస్తుంది. అది మీ గుండె వినడం లేదు మాస్టారూ, మీ చేతుల్నే వింటోంది.

ఈ మాటే కాయితం మీద పెట్టి పై అధికారికి చూపించాను. ఆయన, "మన వాచీ తప్పని మనమే రాసిస్తామా? అమ్మా, నీకేమైనా మతి పోయిందా?" అన్నారు. సరేనండీ అని వెనక్కొచ్చి, ముద్ర నా బల్ల మీదే ఉంటుంది కాబట్టి వేసేశాను. ఆ కాయితం ఇందులో ఉంది.

దాంతోపాటు నమూనాల బీరువాలోంచి ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి పంపుతున్నాను. ఇది చేతిని నమ్ముకోదు. గుండె దగ్గరే ఉండి, కొట్టుకున్నప్పుడల్లా పుట్టే కరెంటుని పట్టుకుంటుంది. ఇది కట్టుకుని సైకిలు తొక్కండి, టైపూ చెయ్యండి. రెండు లెక్కలూ డాక్టరుగారికి చూపించండి. ఉత్తరాలు మాత్రం ఆపకండి.

ఇట్లు,
విభాగం మొత్తం

తా.క. పట్టీ కట్టుకునే ముందు దాని లోపలివైపు కాస్త తడి చెయ్యాలి. చల్లగా తగిలితే అరవకండి. కింది వాటా ఆవిడ మళ్ళీ తలుపు తీస్తారు.

*

విభాగం వారికి,

అమ్మా,

అరిచాను. ఆవిడ తలుపు తీసింది. పడిపోయానేమో అనుకుని పైకొచ్చి, ఛాతీకి బెల్టు కట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, వచ్చినంత వేగంగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మీరు గెలిచారు. సైకిలు మీద పట్టీ నూట పదిహేడు చూపించింది, వాచీ అరవై ఆరు. వ్యాయామాల అమ్మాయి వేళ్ళతో లెక్కపెట్టి పట్టీదే నిజమంది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఒక పేజీ నిండా దంచాను. వాచీ నూట అరవై తొమ్మిది, పట్టీ డెబ్భై ఆరు. డాక్టరుగారు మీ ముద్ర చూసి, రెండు లెక్కలూ చూసి, పగలబడి నవ్వారు. "ఎంతసేపైనా రాసుకోండి మాస్టారూ, మీ గుండె గుండెలాగే ఉంది," అన్నారు. ఇదంతా మీ పుణ్యమే. నమస్కారాలు.

నిజం చెప్పొద్దూ, ఆ డెబ్భై ఆరు చూసి కొంచెం నీరుగారిపోయాను. ఇన్నాళ్ళూ ఉత్తరం రాయడానికి కూర్చోగానే నా గుండె ఎగిరి నూట డెబ్భైకి పోతోందనుకున్నాను. డాక్టరుగారు అది జబ్బన్నారు గానీ, నాకు లోపల్లోపల గొప్పగానే ఉండేది. ఈ వయసులో ఇంకా దేనికో అంత గట్టిగా కొట్టుకుంటోంది కదా అని. తీరా చూస్తే అది వేళ్ళ చప్పుడు. గుండె తన మానాన తను డెబ్భై ఆరు దగ్గర కూర్చుని ఉంది.

సరే. ఫిర్యాదు తీరిపోయింది కాబట్టి ఇక మీకు రాయడానికి కారణం లేదు. కారణం లేకుండా ఒక ఆఫీసుకి ఉత్తరం రాస్తే బాగుండదు. గడిలోంచి మీ నంబరు కూడా తీసేశాను. మీ టీ ఇక ఒలకదు.

ఇట్లు,
టైపు మాస్టారు

తా.క. గడి ఖాళీగా వదిలేస్తే వాచీ ఒప్పుకోలేదు. నా నంబరే పెట్టాను. ఇప్పుడు వాచీ ఎర్రబడితే నా జేబులో ఫోన్ మోగి, మీ దగ్గరి మనిషికి బాగాలేదు, వెంటనే పలకరించండి అంటోంది.

*

మాస్టారు గారికి,

"అమ్మా" అని చూడగానే నాకు "అయ్యలారా"యే నయమనిపించింది. మీకంటే చిన్నదాన్నే నేను. అది అటుంచండి.

ముద్ర సంగతి పై అధికారికి తెలిసిపోయింది. "ఇది ఎవరు వేశారు?" అన్నారు. విభాగం వేసిందన్నాను. "విభాగంలో ఎవరు?" అన్నారు. అందరూ అన్నాను. ఆయన అందరి మీదా చర్య తీసుకోవడం కష్టమని వెళ్ళిపోయారు.

మీ ఫిర్యాదు కాయితాలన్నీ కట్టగట్టి, పైన "పరిష్కరించబడినది" అని కొట్టి బీరువాలో పెట్టాను. ఆ మధ్యాహ్నం గంట మోగలేదు. మర్నాడూ మోగలేదు. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేకపోయాను. ఈ గదిలో తిరిగొచ్చిన వాచీలు వందలున్నాయి, ఛార్జింగు పెట్టిన ప్రతిదీ ఆకుపచ్చగా వెలుగుతూ ఎవరి చెయ్యో వెతుక్కుంటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అది నాకు పనిగానే ఉండేది. ఈ వారం మాత్రం దిగులేసింది. గంట చెడిపోయిందేమోనని రెండుసార్లు కుదిపి చూశాను కూడా. బాగానే ఉంది.

కంపెనీ మాకందరికీ తలొక వాచీ ఇచ్చింది. నాదీ ఉంది, చేరిన రోజు కట్టుకున్నదే. మీ తా.క. చదివాక, నా గడిలో ఎవరున్నారా అని తీసి చూశాను. చేరిన రోజున నాకూ ఎవరూ తోచలేదు కాబోలు, అట్టపెట్టె మీద నంబరే పెట్టుకున్నాను. అంటే నాకేమైనా అయితే గంట నా బల్ల మీదే మోగుతుంది. నేనే ఉలిక్కిపడి నేనే వీధిలోకి పరుగెత్తాలి.

కాబట్టి మీరు మీ నంబరు మీకే పెట్టుకోవడం నాకేం నచ్చలేదు. ఆఫీసు నంబరు కూడా వద్దు, సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. కింద రాసింది నా సొంత నంబరు. అది పెట్టుకోండి. మీ నంబరు నాకు పంపండి, నా గడి కూడా నింపాలి. దీనికీ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు, అందుకే ముద్ర వెయ్యడం లేదు.

ఇట్లు,
బీరువాల వెనక మనిషి

తా.క. ఆఫీసుకి ఉత్తరం రాయడానికి కారణం ఉండాలన్నారు. పట్టీ ఎలా పనిచేస్తోందో కంపెనీకి తెలియజేయడం వాడేవారి బాధ్యత. నియమాల్లో ఉంది. లేకపోతే ఇవాళే రాసి పెడతాను.

*

విభాగంగారూ,

ఇది ఫిర్యాదు. దయచేసి అలాగే నమోదు చేసుకోండి. మీరు పంపిన ఛాతీ పట్టీ కూడా చెడిపోయింది.

బుధవారం సైకిలు అయ్యాక పట్టీ విప్పకుండానే ఇంటికొచ్చాను. డబ్బాలో మీ కవరుంది. మెట్లెక్కిన ఆయాసం లెక్కలోకి రాకూడదని, వెంటనే విప్పకుండా అరగంట కుర్చీలో కూర్చున్నాను. మంచినీళ్ళు తాగాను, మీరు చెప్పినట్టు కిటికీలోంచి చూశాను. డెబ్భై రెండుకి దిగాక అప్పుడు విప్పాను. మిషను మూతేసి ఉంది. కాయితం ఒళ్ళో పెట్టుకున్నాను కాబట్టి చేతులు కూడా కదల్లేదు.

పై అధికారి దగ్గర డెబ్భై అయిదు. గంట మోగలేదన్న చోట ఎనభై తొమ్మిది. మీ నంబరు దగ్గరికి వచ్చేసరికి నూట ఇరవై ఒకటి!

చెయ్యి కదలకుండా ఉందేమో, ఈసారి వాచీ కూడా అంతే చూపించి ఎర్రబడింది. జేబులో ఫోన్ మోగింది. దగ్గరి మనిషిని వెంటనే పలకరించమంది. నియమం కదా అని పలకరించాను. "ఏమయ్యా, ఎలా ఉన్నావ్?" అన్నాను. ఆ మనిషి మీ నంబరే మళ్ళీ చదువుకుంటున్నాడు.

పట్టీ తప్పని తేల్చుకుందామని మర్నాడు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వ్యాయామాల గదికి వెళ్ళాను. సైకిలు ఎక్కలేదు. బల్ల మీద కూర్చుని మళ్ళీ చదువుతానమ్మా, నువ్వు వేళ్ళతో లెక్కపెట్టు అన్నాను. లెక్కపెట్టింది. పట్టీ ఎంత చూపిందో ఆ అమ్మాయి వేళ్ళూ అంతే చెప్పాయి. "ఏముంది అంకుల్ ఆ కాయితంలో?" అంది. ఒక నంబరుందన్నాను. నా మొహంలోకి చూసి, ఈసారి నటన అనలేదు.

కాబట్టి పట్టీ బాగానే ఉందని తేలింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. నా గడిలో మీ నంబరు పెట్టేశాను, నా నంబరు కింద టైపు చేశాను. మీ గడిలో ఒక్క అంకె కూడా తప్పు కొట్టకుండా పెట్టుకోండి. మీ వాచీ ఎప్పుడు ఎర్రబడినా, అది నిజం చెప్పినా అబద్ధం చెప్పినా, నేను స్నానంలో ఉండను.

ఇట్లు,
మీ గడిలో మనిషి

తా.క. ఇది టైపు చేసేముందు పట్టీ విప్పేసి, కావాలనే వాచీ ఒక్కటే కట్టుకున్నాను. ఈపాటికి అరగంట నుంచీ మీ ఫోన్ ఆగకుండా మోగుతూ ఉండాలి. కంగారుపడి అంబులెన్సు పంపకండి. మధ్యాహ్నంపూట అలా మోగిందంటే మీకు ఉత్తరం రాస్తున్నానని అర్థం.